పేరుకు మచ్చ పడిందని భయమా? ముందు ఇంట్లో చెప్పండి

పెళ్లి సంబంధం వచ్చిందంటే పూర్వం ఆ ఊళ్లో మనకు తెలిసినవాళ్లెవరున్నారా అని వాకబు చేసేవాళ్లు. ఇప్పుడు ముందుగా ఫోన్ తీస్తున్నారు. అబ్బాయి పేరు, ఇంటిపేరు, పనిచేసే కంపెనీ కొట్టి చూస్తున్నారు. ఉద్యోగం ఇచ్చే హెచ్‌ఆర్ వాళ్లూ చూస్తున్నారు. ఇల్లు అద్దెకిచ్చే ఓనర్లూ చూస్తున్నారు. ఇంతమంది చూస్తున్నప్పుడు మన పేరు మీద అక్కడ ఏముందో మనమూ ఓసారి చూసుకోవడం మంచిదే.

అయితే ఎలా చూసుకోవాలి, ఎన్నాళ్లకోసారి చూసుకోవాలి, చూడకూడనిది కంటపడితే ఏం చేయాలి అన్నవి ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్నలు కూడా. పరువు పోతుందన్న భయం మనసులో మొదలై ఒంట్లోకి దిగుతుంది. దాన్ని ఎవరికీ చెప్పకుండా దాచుకున్నకొద్దీ ముదురుతుంది.

రిపోర్టులు బాగానే ఉన్నాయి... దడ తగ్గట్లేదు

మలక్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా ఎల్‌బీ నగర్ దాకా మెయిన్ రోడ్డు వెంట కోచింగ్ సెంటర్లు, లోపలి గల్లీల్లో హాస్టళ్లు. గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షలకో, సాఫ్ట్‌వేర్ కోర్సులకో జిల్లాల నుంచి వచ్చి ఉంటున్న పిల్లలు ఇక్కడ ఎక్కువ. గుండెదడ, ఛాతీ పట్టేసినట్టు ఉండటం, అరచేతుల్లో చెమటలు, కడుపులో తిప్పడం, నిద్ర పట్టకపోవడం వంటి బాధలతో ఓపీకి వచ్చేవాళ్లలో ఈ వయసువాళ్లు కనిపిస్తూనే ఉంటారు. ఈసీజీ తీస్తాం. థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్ చూస్తాం. చాలామందిలో అన్నీ సరిగ్గానే ఉంటాయి. అప్పుడు అడగాల్సిన ప్రశ్నల్లో ఒకటి: ‘‘రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో ఏం చూస్తున్నావు?’’ కొందరు వెంటనే తల దించుకుంటారు. ఎవరో పెట్టిన ఫొటో, కాలేజీ గ్రూపులో తిరుగుతున్న ఓ మాట, పాత స్నేహం తాలూకు స్క్రీన్‌షాట్... ఏదో ఒకటి బయటికొస్తుంది. అది ఇంకెక్కడికి పాకిందోనని రోజుకు ఇరవైసార్లు తమ పేరు తామే వెతుక్కుంటూ ఉంటారు.

ఒంట్లో జరిగేది ఇది. ప్రాణానికి ముప్పు వచ్చినా, పరువుకు ముప్పు వచ్చినా మెదడు మోగించే గంట దాదాపు ఒకటే. మెదడులోని అమిగ్డలా అనే భాగం ప్రమాదాన్ని పసిగడుతుంది. అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్‌ను, ఆ వెంటే కార్టిసాల్‌ను వదులుతాయి. గుండె వేగం, బీపీ పెరుగుతాయి. కండరాలు బిగుసుకుంటాయి. జీర్ణక్రియ మందగిస్తుంది. కుక్క తరిమితే పరిగెత్తి ఇంట్లో పడగానే ఇదంతా చల్లబడుతుంది. ఫోన్‌లో ఉన్న పోస్టు నుంచి అలా పరిగెత్తి తప్పించుకోలేం. తెరిచి చూసిన ప్రతిసారీ గంట మళ్లీ మోగుతుంది. అర్ధరాత్రి చూస్తే ఇక నిద్ర ఎక్కడ పడుతుంది?

ఒక హెచ్చరిక. దడ, ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినప్పుడు ‘ఇదంతా టెన్షనే’ అని మీకు మీరే తేల్చేసుకోవద్దు. రక్తహీనత, థైరాయిడ్, గుండె లయ సమస్యలు కూడా ఇలాగే కనిపిస్తాయి. ముందు డాక్టరుకు చూపించుకోండి.

బీపీ మెషిన్ నేర్పే పాఠం

ఇంట్లో బీపీ మెషిన్ కొనుక్కున్నవాళ్లకు ఈ సంగతి తెలుసు. రోజులో నిర్ణీత సమయంలో, కాసేపు కుదురుగా కూర్చుని చూసుకుంటే ఆ అంకె పనికొస్తుంది. కొంచెం ఎక్కువ వచ్చిందని కంగారుపడి మళ్లీ మళ్లీ పట్టీ బిగిస్తే ఆ కంగారుకే బీపీ ఇంకాస్త పైకి పోతుంది. పేరు వెతుక్కోవడం కూడా అంతే. ఒక పద్ధతిలో చేస్తే అది పరీక్ష. పదేపదే చేస్తే అదే జబ్బు. వెతికిన ప్రతిసారీ ‘హమ్మయ్య, కొత్తగా ఏమీ లేదు’ అన్న ఊరట దొరుకుతుంది. ఆ ఊరట కాసేపే ఉంటుంది. దానికోసం మళ్లీ వెతుకుతారు. గ్యాస్ కట్టేశానా లేదా అని పదిసార్లు వంటింట్లోకి వెళ్లి చూసేవాళ్లలో ఉండే చక్రమే ఇది.

మామూలు కుటుంబాలకు నా సలహా ఇది. ఆరు నెలలకోసారి, పగటిపూట, పావుగంట చాలు. కొత్త ఉద్యోగానికి దరఖాస్తు చేసేముందు, సంబంధాలు చూడటం మొదలుపెట్టేముందు ఇంకోసారి. చూసేటప్పుడు ఇవి గుర్తుపెట్టుకోండి:

• బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరిచి వెతకండి. మీ పాత వెతుకులాటల ప్రభావం తగ్గి, బయటివాళ్లకు కనిపించేదానికి దగ్గరగా ఫలితాలు వస్తాయి.

• పేరును ఇంటిపేరుతోనూ, పొడి అక్షరాలతోనూ, తెలుగులోనూ, ఇంగ్లిష్‌లోనూ కొట్టండి. మన పేర్లకు ఇంగ్లిష్‌లో ఒక్క స్పెల్లింగ్ ఉండదు కాబట్టి రెండు మూడు రకాలుగా చూడండి. ఊరు, కాలేజీ, ఆఫీసు పేర్లు జతచేసి చూడండి.

• ఫోన్ నంబరునూ, ఈమెయిల్‌నూ కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకండి. ఫొటోల విభాగం కూడా తెరవండి.

• కనిపించినవాటిని కాగితం మీద మూడు వరుసలుగా రాసుకోండి. నాదే, ఉన్నా ఫర్వాలేదు. నాదే, తీసేయాలి. నాది కాదు.

రెండో వరుసలోకి వచ్చేవి చాలావరకు మనం పెట్టి మరిచిపోయినవే. ఇంటి అడ్రసు, పుట్టిన తేదీతో సహా ఎక్కించిన పాత బయోడేటా, పెళ్లయినా మూయని మ్యాట్రిమొనీ ప్రొఫైల్, స్కూలు బ్యాడ్జీతో కనిపిస్తున్న పిల్లల ఫొటోలు, ఎప్పుడో ఆవేశంలో పెట్టిన కామెంట్లు. వీటిని మన ఖాతాలోంచి మనమే తీసేయొచ్చు. మన ఫోన్ నంబరో, ఇంటి అడ్రసో ఎవరో పెట్టిన పేజీ వెతుకులాటలో వస్తుంటే గూగుల్‌కు ఫారం నింపి అడగొచ్చు. వాళ్లు అంగీకరిస్తే ఫలితాల్లోంచి పోతుంది. అసలు పేజీ మాత్రం అలాగే ఉంటుంది. దానికి ఆ సైట్ వాళ్లనే అడగాలి.

మూడో వరుసను చిన్నచూపు చూడొద్దు. కె. శ్రీనివాస్‌లు, బి. లక్ష్మిలు మన రెండు రాష్ట్రాల్లో ఎంతమందో! అదే పేరున్న మరొకరి మీద కేసు ఉంటే, అది మీకు అంటుకోవచ్చు. దరఖాస్తుల్లో, ప్రొఫైళ్లలో ఇంటిపేరు పూర్తిగా రాయడం, ఒకే స్పెల్లింగ్ వాడటం ఈ ఇబ్బందిని చాలావరకు తగ్గిస్తుంది.

రష్మికకు జరిగింది, మన పిల్లలకు జరగొచ్చు

ఇక అసలు భయం. మనది కానిది, మన ముఖంతో కనిపిస్తే?

2023 నవంబరులో సినీనటి రష్మిక మందన్నకు ఇదే జరిగింది. ఒక బ్రిటిష్ ఇండియన్ యువతి లిఫ్టులోకి వస్తున్న వీడియోకు రష్మిక ముఖం అతికించి వదిలారు. దేశమంతా చూసింది. కేసు దర్యాప్తు చేసిన ఢిల్లీ పోలీసులు 2024 జనవరిలో గుంటూరు ప్రాంతానికి చెందిన ఓ ఇంజినీరింగ్ చదివిన యువకుడిని అరెస్టు చేశారు. తాను నడుపుతున్న అభిమానుల పేజీకి ఫాలోవర్లను పెంచుకోవడానికే చేశాడని పోలీసులు చెప్పారు.

ఆ రోజుల్లో రష్మిక రాసిన మాటల్లో ఒకటి తల్లిదండ్రులంతా గమనించాలి. తనను కాపాడేందుకు ఇంటివాళ్లు, స్నేహితులు ఉన్నారని, ఇదే స్కూల్లోనో కాలేజీలోనో ఉన్నప్పుడు జరిగి ఉంటే ఎలా తట్టుకునేదాన్నో ఊహించలేనని ఆమె అన్నారు. పేరు, డబ్బు, లాయర్లు అన్నీ ఉన్న మనిషి ముందుగా చెప్పుకున్నది తన పక్కన నిలబడ్డవాళ్ల గురించి. 2025లో నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుంచి, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి తమ పేరు, రూపం దుర్వినియోగం కాకుండా ఉత్తర్వులు తెచ్చుకున్నారు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటున్న అమ్మాయికి వెంటనే అందేది కోర్టు కాదు. ఊళ్లో ఉన్న అమ్మానాన్నల ఫోన్ నంబరు.

ఆ నంబరుకు ఆ పిల్ల ఫోన్ చేస్తుందా లేదా అన్నదే ప్రశ్న. చాలామంది చేయరు. ‘చదువు మాన్పించి తీసుకెళ్లిపోతారు’, ‘ఫోన్ లాగేసుకుంటారు’, ‘ముందు నువ్వేం చేశావో చెప్పు అంటారు’... వీటికి భయపడతారు. అబ్బాయిలదీ ఇదే పరిస్థితి. మగపిల్లాడు ఏడిస్తే నవ్వుతారన్న భయం దానికి తోడు. ఈ దాపరికమే బ్లాక్‌మెయిల్ చేసేవాడికి పెట్టుబడి.

లోన్ యాప్‌లు ఎక్కడ కొట్టాయంటే...

దీనికి మన రాష్ట్రం చూసిన చేదు ఉదాహరణ 2020 చివర్లో బయటపడ్డ లోన్ యాప్‌ల వ్యవహారం. కరోనాతో జీతాలు ఆగిపోయిన రోజుల్లో కాగితాలేవీ అడగకుండా నిమిషాల్లో అప్పిస్తామన్న యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులను, ఫొటోలను లాక్కున్నాయి. వాయిదా తప్పితే ‘మోసగాడు’ అంటూ బంధువులకూ, ఆఫీసువాళ్లకూ మెసేజీలు పెట్టాయి, ఫొటోలు మార్చి పంపాయి. తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. వారిలో చదువుకున్నవాళ్లు, ఉద్యోగాలున్నవాళ్లు ఉన్నారు. అప్పు కొన్ని వేలే అయినా, ‘అందరికీ తెలిసిపోయింది’ అన్న ఆలోచన మోయలేనిదైంది.

హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు అరెస్టులు చేశారు. 2020 డిసెంబరు 23న రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరించింది. 2022 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో, అప్పిచ్చే యాప్‌లు ఫోన్‌లోని కాంటాక్టులను, ఫైళ్లను, కాల్ వివరాలను ముట్టుకోకూడదని చెప్పింది. కాబట్టి కాంటాక్టులు అడుగుతున్న లోన్ యాప్ కనిపిస్తే అక్కడితో ఆగిపోండి.

డాక్టరుగా నాకు ఇందులో కనిపించేది ఒకటుంది. ఆ యాప్‌లు బాధితుడిని ఒంటరిని చేశాయి. ‘మీ నాన్నకు పంపుతాం’ అన్న బెదిరింపు, ఆ నాన్నకు ముందే తెలిసి ఉంటే పనిచేయదు.

మొదటి గంటలో ఇంట్లో ఏం అనాలి?

పాము కాటుకు తెలియనితనంతో గాటు పెట్టి, కట్టు బిగించి ఉన్నదాన్ని చెడగొట్టేవాళ్లున్నారు. ఇక్కడా మొదటి గంటలో చేసే చికిత్స చెడగొట్టొచ్చు, బాగుచేయొచ్చు. పిల్లలు ఫోన్ తెచ్చి చూపిస్తే మొదటి మాట ‘‘చెప్పి మంచి పని చేశావు నాన్నా, మేమున్నాం’’ కావాలి. తప్పొప్పుల విచారణ మరో రోజు చేసుకోవచ్చు. ‘‘నీవల్ల మా పరువు పోయింది’’ అన్న మాట మాత్రం ఆ రోజే కాదు, ఎప్పటికీ రాకూడదు. ఆ రాత్రి బిడ్డను ఒంటరిగా పడుకోనివ్వకండి. హాస్టల్లో ఉంటే ఎవరో ఒకరు బయల్దేరి వెళ్లండి. తర్వాత పెద్దవాళ్లే ఈ పనులు చేయండి:

• కంగారులో చెరిపేయొద్దు. తేదీ, సమయం, లింకు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి దాచండి. అవే సాక్ష్యం.

• అవతలివాడితో వాదించొద్దు, డబ్బు పంపొద్దు. ఒకసారి పంపితే మళ్లీ అడుగుతాడు.

• ఆ వేదికలోనే రిపోర్ట్ చేయండి. అభ్యంతరకర వ్యక్తిగత చిత్రాలు, మార్ఫింగ్ చేసినవి బాధితుల ఫిర్యాదు అందాక నిర్ణీత సమయంలోగా తీసేయాలని ఐటీ నిబంధనలు సోషల్ మీడియా సంస్థలకు గడువు పెట్టాయి.

• జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో (సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్) ఫిర్యాదు చేయండి. మహిళలు, పిల్లలకు సంబంధించిన ఇలాంటి కేసుల్లో పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు చేసే వీలుంది. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కు ఫోన్ చేయండి. తెలంగాణలో షీ టీమ్స్‌నూ ఆశ్రయించొచ్చు.

• వ్యక్తిగత ఫొటోలు బయటపెడతామని ఎవరైనా బెదిరిస్తుంటే ‘స్టాప్ ఎన్‌సీఐఐ’ అనే ఉచిత సేవ ఉంది. ఫొటోను ఎవరికీ పంపక్కర్లేదు. మన ఫోన్‌లోనే దానికి ఒక అంకెల ముద్ర తయారై, ఆ ముద్ర మాత్రమే ఇందులో చేరిన సంస్థలకు వెళ్తుంది. వాళ్లు అలాంటి ఫొటో తమ వేదిక మీదికి రాకుండా ఆపే ప్రయత్నం చేస్తారు. పద్దెనిమిదేళ్లలోపు వారికి ‘టేక్ ఇట్ డౌన్’ అనే సేవ ఉంది.

• ‘డబ్బు కడితే నెట్‌లో మీ పేరు మీదున్న మచ్చంతా తుడిచేస్తాం’ అనేవాళ్లను నమ్మొద్దు. అంతటినీ తుడవడం ఎవరి చేతిలోనూ లేదు.

ప్రతి చిన్న మాటకూ ఇంత యుద్ధం అక్కర్లేదు. స్పెయిన్‌లో మారియో కొస్తేహా గొన్సాలెస్ అనే ఆయనకు ఇలాంటి అనుభవమే ఎదురైంది. తన ఆస్తి వేలం గురించి 1998లో పత్రికలో వచ్చిన ప్రకటన తన పేరు కొడితే కనిపిస్తోందని ఆయన గూగుల్ మీద పోరాడారు. 2014 మే 13న యూరప్ న్యాయస్థానం ఆయన పక్షాన తీర్పిచ్చింది. అక్కడివాళ్లందరికీ మేలు జరిగింది. కానీ మరిచిపోవాలని కోరుకున్న ఆ పాత అప్పు సంగతి ప్రపంచమంతా తెలిసింది. నలుగురు చూసి వదిలేసే కామెంటుకు జవాబిస్తూ పోతే నాలుగొందల మంది చూస్తారు. పట్టించుకోకుండా వదిలేయడమూ ఒక మందే.

నిజంగా అందరూ చూస్తున్నారా?

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2000లో ప్రచురించిన ఓ అధ్యయనం ఉంది. విద్యార్థులకు ఒక గాయకుడి బొమ్మ ఉన్న టీ షర్టు తొడిగారు. అది వేసుకోవడమంటే వాళ్లకు సిగ్గు. తోటివారున్న గదిలోకి పంపి, ఎంతమంది గమనించి ఉంటారని అడిగితే దాదాపు సగం మంది అన్నారు. నిజానికి గుర్తించింది పావు వంతు మంది. మన మచ్చ మనకు కనిపించినంత పెద్దగా ఎదుటివాళ్లకు కనిపించదు. వాళ్ల మచ్చల గోల వాళ్లకుంటుంది.

పేరు ఎప్పుడూ పూర్తిగా మన చేతిలో లేదు కూడా. మన మూసారాంబాగ్‌నే తీసుకోండి. నిజాం సైన్యంలో పనిచేసి 1798లో చనిపోయిన ఫ్రెంచి సేనాని రేమండ్ పేరు మీద వచ్చిన పేరది. జనం నోళ్లలో ‘మోసియే రేమండ్’ కొందరికి మూసా రహీం అయ్యాడు, మరికొందరికి మూసా రామ్ అయ్యాడు. ఆయన సమాధి ఇక్కడికి దగ్గర్లోనే గుట్ట మీద ఉంది. రోజూ ఆ పక్కగా వెళ్లేవాళ్లలో ఆ పేరు ఎవరిదో తెలిసినవాళ్లు ఎందరు? కుండకు మూత పెట్టొచ్చు, ఊరి నోటికి పెట్టలేం. మన చేతిలో ఉన్నది మన నిద్ర, మన తిండి, మన ఇంటి మనుషులతో మన మాట.

డాక్టరును ఎప్పుడు కలవాలి?

రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, చదువు మీదో పని మీదో మనసు నిలవకపోయినా, నలుగురిలోకి వెళ్లడం మానేసినా, వద్దనుకుంటూనే పేరు వెతకడం ఆపలేకపోతున్నా డాక్టరును కలవండి. కౌన్సెలింగ్, ముఖ్యంగా కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఈ చక్రాన్ని తెంచడానికి బాగా పనికొస్తుంది. కొందరికి కొన్నాళ్లు మందులు అవసరమవుతాయి. ఎర్రగడ్డలోని మానసిక వైద్యశాలకు వెళ్లడం నామోషీ కాదు. ఫోన్ వాడకం చేయిదాటినవాళ్ల కోసమే బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచి ఒక ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. అంటే ఇది వైద్యం ఉన్న సమస్యే.

చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఇంట్లో ఎవరి నోటైనా ఆ మాట విన్నా వారాలు ఆగొద్దు. మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. టెలి మానస్ నంబరు 14416కు పగలూ రాత్రీ ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. ఉచితం. తెలుగులోనే మాట్లాడతారు.

ఈ ఆదివారం భోజనాల దగ్గర ఓ పని చేయండి. ఏ గొడవా లేనప్పుడే, అందరూ బాగున్నప్పుడే పిల్లలకు ముందుగా ఈ మాట చెప్పేయండి: ‘‘ఫోన్‌లో ఏం జరిగినా, తప్పు నీదైనా సరే, ముందు మా దగ్గరికే రా. చదువు మాన్పించం, తిట్టం. కలిసి చూసుకుందాం.’’ టీకా జ్వరం రాకముందే వేయించాలి కదా, ఈ మాట కూడా అంతే.